మంచు పోయేదాకా ఇవ్వకు

మా ఊరు యునోసవలో కినూయే ఇల్లెక్కడ అని అడిగితే మావాళ్ళు కాసేపు ఆలోచిస్తారు. చెట్లను జోకొట్టే ఆవిడ ఇల్లెక్కడ అంటే మాత్రం పక్కమీదున్న ముసలివాళ్ళు కూడా లేచి దారి చూపిస్తారు. మనిషి పిడికెడు, నోరు బండెడు. కొండవాలులో చివరి ఇల్లు ఆవిడది. అవతల దేవదారు అడవి తప్ప ఏమీ లేదు.

మొదటి మంచు పడకముందే ఊళ్ళోవాళ్ళు తమ బోన్సాయ్ కుండీలను చంకనెత్తుకుని ఆ ఇంటికి వస్తారు. ఎండాకాలమంతా వాటితో ముద్దులాడి, ఆకు రాలగానే బరువు నా నెత్తిన పెట్టి పోతారని కినూయే సణుగుతుంది. సణుగుతూనే ఒక్కో కుండీని రెండు చేతులా అందుకుని, వేలితో మన్ను నొక్కి చూసి, వేసవిలో ఎంత నిర్లక్ష్యం చేశారో మొహమ్మీదే చెప్పేస్తుంది. ఎవరూ తిరిగి మాట్లాడరు. వసంతంలో చెట్టు ప్రాణాలతో కావాలి కదా మరి.

పెరట్లో కొండ వైపున నడుంలోతు గొయ్యి తవ్వి ఉంటుంది. పైన దూలాలు, దూలాల మీద మూరెడు మందాన వరిగడ్డి. ఆ గడ్డి మీద మంచు పేరుకుంటే ఇక లోపలికి గాలి దూరదు. దాన్నే మురో అంటారు. ఒకటే తలుపు, దక్షిణం వైపు. కుండీలను అంచుల వరకూ ఊకలో పాతేసి, ఎలకలు బెరడు కొరక్కుండా మొదళ్ళకు గడ్డి చుట్టి, కినూయే ఆ తలుపు మూసేస్తుంది. చలికి చెట్టు చావదంటుంది ఆవిడ. వేళ్ళు గడ్డకట్టి తాగడానికి చుక్క దొరకని వేళ గాలి వచ్చి కొమ్మల్ని పీల్చేస్తుంది చూశారా, దానికి చస్తుంది. చలి కావాలి దానికి, చలి లేకపోతే నిద్రే పట్టదు. నిద్రలేని చెట్టూ, నిద్రలేని కోడలూ ఎంతోకాలం నిలవవని చెప్పి తనే పడీపడీ నవ్వుతుంది.

కానీ మురో తలుపు దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు, ఆ నోరు రెండూ ఇంట్లోనే ఉండిపోతాయి. తలుపు తీసేముందు వేలి కణుపులతో రెండుసార్లు తడుతుంది. ఒక్క ఊపిరి ఆగుతుంది. అప్పుడు తీస్తుంది. లోపల గట్టిగా మాట్లాడదు, ఎవరి పేరూ ఎత్తదు.

అది ఆవిడకు మొగుడు నేర్పిన అలవాటు. కొత్త కోడలిగా కాపురానికి వచ్చిన తొలి చలికాలం, సోకిచి ఆమెను మురోలో కూర్చోబెట్టి, "విను" అని ఒక్క మాట చెప్పి, దీపం తీసుకుని వెళ్ళిపోయాడట. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత ఎక్కడో ఊక సర్దుకున్న చప్పుడు. ఒక కొమ్మ టిక్కుమంది. ఇంకోటి జవాబు చెప్పినట్టు టిక్కుమంది. ఆమె భయంతో ఊపిరి బిగబడితే ఆ చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తను వాటిని వినడం కాదు, అవే తనను వింటున్నాయని ఆమెకు అప్పుడు అర్థమైంది. బయటికి వచ్చి మొగుణ్ణి నాలుగు తిట్లు తిట్టింది గానీ, ఆ రోజునుంచి తలుపు తట్టకుండా లోపలికి అడుగు పెట్టలేదు.

సోకిచి చాలా ఏళ్ళ కిందటే ఒక చలికాలంలో పోయాడు. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. చెట్టును పెంచిన మనిషి చలికాలంలో పోతే, ఆ చెట్టును మురో నుంచి తెచ్చి ఇంట్లో పోయినవాళ్ళకు దీపం పెట్టే బుద్ధుడి అర పక్కన పెడతారు. నలభై తొమ్మిదో రోజు దాకా ప్రాణం ఎటూ పోలేక ఇంటిచుట్టూ తిరుగుతుంది కాబట్టి, ఆనుకోవడానికి తెలిసిన కొమ్మ ఒకటి ఉండాలని. కినూయే కూడా సోకిచి పెంచిన పైన్ మొక్కను అలాగే తెచ్చి పెట్టింది. ఆ రోజుల్లో అర ఉన్న గదిలో నైవేద్యంగా పెట్టిన మంచినీళ్ళు తెల్లారేసరికి గడ్డకట్టేవి. చెట్టుకు మురో అయినా ఆ గది అయినా ఒకటే. హాయిగా నిద్రపోయి, వసంతంలో చిగురేసింది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. తప్పంతా ఇక్కడే ఉంది.

చెట్లు తెచ్చేవాళ్ళలో యసుజీ ఒకడు. ఒకప్పుడు సాకే అనే బియ్యపు సారాకు పీపాలు చేసే పనివాడు, వేళ్ళు వంకర్లు పోయాక మానేశాడు. తాతల నాటి మేపుల్ చెట్టు అతనిది. జానెడున్నర ఎత్తు, కానీ మొదలు చూస్తే కొండమీద వందేళ్ళు గాలికి ఎదురు నిలబడ్డట్టుంటుంది. కినూయే తర్వాత మురో తలుపు తట్టే మనిషి మా ఊళ్ళో అతనొక్కడే. అతనిది మరో పద్ధతి. రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, ఇంకోసారి తట్టేవాడు. పీపా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి సుత్తితో అలాగే కొట్టేవాళ్ళట.

ముందటి ఏడు చలికాలం చివర్లో నాలుగు రోజులు ఎండ కాస్తే యసుజీ ఆగలేకపోయాడు. వద్దు మొర్రో అన్నా వినకుండా చెట్టు పట్టుకుపోయాడు. ఆ వారంలోనే మళ్ళీ చలిగాలి కొట్టి పైకొమ్మ నల్లగా మాడింది. అందుకని ఈ ఏడు చెట్టు తెచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు.

"కినూయే, ఈసారి మంచు పూర్తిగా పోయేదాకా దీన్ని ఎవరికీ ఇవ్వకు."

"ఎవరికో ఎందుకిస్తానండీ? మీతోనే కదా నా గొడవంతా!"

"అదే చెబుతున్నా. నేనే వచ్చి అడిగినా ఇవ్వకు."

"మీరొచ్చి అడిగితే చీపురు తిరగేస్తాను."

"తిరగెయ్యి. మాట తప్పావో, ఊరుకోను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఊరేసిన ముల్లంగి ముక్కలు నంజుకుంటూ టీ తాగి వెళ్ళాడు. అదే ఆఖరిసారి.

చలి బాగా ముదిరాక ఒక ఉదయం కినూయే మురోలోకి వెళ్ళి, రోజూలాగే కుండీల్లో మన్ను వేలితో నొక్కి చూసింది. ఆ వారం చలికి అన్నింటి పైమన్నూ పెంకు కట్టి గట్టిపడి ఉంది. యసుజీ కుండీలో మాత్రం వేలు మెత్తగా దిగిపోయింది. మన్ను తడిగా ఉంది, పైగా నులివెచ్చగా ఉంది. ఎలక గూడు కట్టిందేమోనని ఊకంతా తోడి చూసింది. ఎలక లేదు, కన్నం లేదు. పక్క కుండీ చూస్తే రాయి. మళ్ళీ వేలు పెట్టి చూసింది. పసిబిడ్డ పడుకుని లేచిన పక్కలా ఉంది ఆ వెచ్చదనం. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

పొద్దెక్కాక యసుజీ కోడలు మిత్సుయో మంచులో పడుతూ లేస్తూ వచ్చింది. మామగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది. చెప్పి, కొంగు కూడదీసుకున్నట్టు శాలువా దగ్గరికి లాక్కుని, "చెట్టు పంపమంది అత్తయ్య. ఆయన అడుగుతున్నాడని చెప్పమంది పిన్నీ" అంది.

నేనే వచ్చి అడిగినా ఇవ్వకు అన్న మాట కినూయే చెవిలో మోగకపోలేదు. కానీ చావింటికి పోయి, పోయినాయన ఇవ్వొద్దన్నాడని ఎవరు చెప్పగలరు? తన మొగుడికి తను చేసిన మర్యాదే కదా ఇదీ అనుకుంది. చెట్టును గడ్డిలో చుట్టి తనే మోసుకెళ్ళి అర పక్కన పెట్టింది. ఆ గదిలో మూలన కొత్తగా కొన్న కిరసనాయిలు పొయ్యి ఉంది. మా ఊళ్ళో ఆ ఏడే అవి ఇంటింటికీ వచ్చాయి. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో నడిచివచ్చిన కినూయే ఆ పొయ్యి దగ్గరే చేతులు కాచుకుంది, హాయిగా ఉందనుకుంది, ఇంటికి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ బుద్ధులు చెప్పిన మనిషికి ఆ పూట బుద్ధి ఏ గట్టున మేసిందో!

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మిత్సుయో మళ్ళీ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"పిన్నీ, నువ్వొచ్చి ఆ చెట్టును తీసుకుపో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏమైందే?"

"చప్పుడు చేస్తోంది. ఎవరో గోటితో కాగితం మీద గీకినట్టు. చూడబోతే ఎవరూ ఉండరు. అత్తయ్యేమో ఆయన వచ్చాడంటుంది. పొయ్యి ఆర్పనివ్వదు. దాని పక్కనే కూర్చుని మాట్లాడుతుంది. నాకు ఆ గదిలోకి పోవాలంటే వణుకు పుడుతోంది."

పొయ్యి అన్న మాట వినగానే కినూయేకు సంగతి అంతా ఒక్కసారి తెలిసిపోయింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగుపెట్టింది.

గదిలో కిటికీల మీద గడ్డి చాపలు దించి ఉన్నాయి. దీపం వెలుగు, అగరొత్తుల పొగ, కిరసనాయిలు వాసన. ఒళ్ళు చెమర్చేంత వేడి. అర పక్కన మేపుల్ నిలబడి ఉంది, కొమ్మకొమ్మకూ చిగురుతో. బయట ఇంటికప్పుదాకా మంచు. లోపల వసంతం. అయితే ఆ ఆకులు ఎర్రగా లేవు, పచ్చగా లేవు. ఎండ మొహం చూడక పాలిపోయి, లోపలి ఈనెలు కనబడేంత పలచగా, పురిట్లో పోయిన బిడ్డల చేతుల్లా వేళ్ళు చాపి ఉన్నాయి. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. అటువైపు దీపం పక్కన యసుజీ భార్య ఫుసానో కూర్చుని ఉంది.

చెట్టుకింద పరిచిన కాగితం మీద చిన్న గోధుమరంగు పొలుసులు రాలి ఉన్నాయి. కినూయే చూస్తుండగానే మొగ్గ మీద నుంచి ఇంకో పొలుసు జారి కాగితం మీద పడింది. టిక్కుమంది. మిత్సుయో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"చూశావా కినూయే," అంది ఫుసానో, గొంతు పెంచకుండా. "ఎటు జరిగితే అటే తిరుగుతున్నాడు. నిన్న ఆ మూల కూర్చున్నా. పొద్దునకి అటు చూస్తున్నాడు."

"దీపం ఎటుంటే అటు తిరుగుతుందక్కా. నువ్వు దీపం పక్కన కూర్చుంటున్నావు."

"సాయంత్రం ఒక చెంచా సాకే కూడా పోస్తున్నా. తాగుతున్నాడు."

కినూయేకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఆ ముసలామె మీద కాదు, తన మీద. చెట్టు దగ్గర చతికిలబడి మన్నులో వేలు పెట్టింది. వెచ్చగా ఉంది. ఇప్పుడది పొయ్యి వేడని తెలిసినా, ఆ వేలు వెనక్కి తీసుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"అక్కా, ఇది బావగారు కాదు. పొయ్యి వేడికి చెట్టు నట్టనడి చలికాలంలో మేలుకుంది. ఒంట్లో దాచుకున్నదంతా ఈ ఆకులకు పోసేస్తోంది. ఎండ లేదు, ఈ ఆకులు దానికేమీ సంపాదించి పెట్టవు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నిలబడ్డ చోటే ఎండిపోతుంది. ఇప్పటికిప్పుడు బయట పెట్టామా, చలికి ఒక్క పూటలో పోతుంది. తప్పు నాదే. నేనే మోసుకొచ్చి ఈ పొయ్యి ముందు పెట్టాను."

ఫుసానో రాలిన పొలుసు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నాకు తెలుసు," అంది చివరికి. "పీపాలవాడి పెళ్ళానికి చెట్టు గురించి తెలియదనుకున్నావా? పొయ్యి వల్లేనని మొదటి మొగ్గ పగిలినప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆర్పలేకపోయాను. ఆర్పితే ఎక్కడికి పోతాడు? ఆ నలభై తొమ్మిదో రోజు దాకా ఉండనీ కినూయే. ఆ తర్వాత నువ్వేం చేసినా సరే."

"అప్పటికి చేసేదేమీ మిగలదు."

"ఆయన అడిగాడు."

"అడిగినా ఇవ్వొద్దని ఆయనే చెప్పారక్కా నాకు. నా గుమ్మంలో నిలబడి చెప్పారు. నేనే వచ్చి అడిగినా ఇవ్వకు అన్నారు."

ఫుసానో తలెత్తి చూసింది. "అలా అన్నాడా? మరి... ఆయన అడగలేదులే. అడిగింది నేను."

ఆమె తనే లేచి వెళ్ళి పొయ్యి ఆర్పింది. చిటపటలాడి చల్లారింది పొయ్యి. ఆ నిశ్శబ్దంలో ఇంకో పొలుసు రాలిన చప్పుడు ముగ్గురికీ వినబడింది.

కినూయే చిన్న కత్తెర తీసుకుని ఆకులన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించింది. ఫుసానో దోసిలి పట్టింది. తెల్లటి ఆ ఆకులను గిన్నెలో పోసి అర ముందు పెట్టుకుంది. ప్రాణం ఆనుకోవడానికి ఇవి చాలవా అని అడిగితే, చాలని కినూయే చెప్పింది. చాలో చాలవో ఆమెకేం తెలుసు? అలా చెప్పకపోతే చెట్టు గుమ్మం దాటేది కాదు.

తర్వాత చెట్టును మళ్ళీ నిద్రపుచ్చే పని మొదలైంది. ఒక్కసారిగా చలిలోకి తోసేస్తే చస్తుంది. ముందు పొయ్యి లేని గదిలో ఉంచారు. తర్వాత కిటికీ పక్కన, తర్వాత వసారాలో, చివరికి కినూయే వచ్చి గడ్డిలో చుట్టి మురోకు మోసుకెళ్ళింది. అన్నాళ్ళూ ఫుసానో దుప్పట్లు కప్పుకుని ఆ చలి గదిలోనే కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు.

మురోలో ఊకలో పాతినా చెట్టు నిద్రపోలేదు. ఎన్నిసార్లు వేలు పెట్టి చూసినా, పక్క కుండీలన్నీ పెంకు కట్టినా, దాని మన్ను మాత్రం మెత్తగా, తడిగా, నులివెచ్చగానే ఉంది. ఇక్కడ పొయ్యి లేదు. దీపం లేదు. కినూయే నోరు పూర్తిగా మూతపడింది. ఊళ్ళోవాళ్ళు ఏమైందని అడిగితే తల ఊపి ఊరుకునేది. మాట తప్పావో ఊరుకోను అన్నాడు కదా యసుజీ. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు ఇప్పుడు గుర్తుకొస్తే ఆమె లేచి వెళ్ళి మళ్ళీ మన్ను నొక్కి చూసేది.

నలభై తొమ్మిదో రోజు వచ్చింది. యసుజీ ఇంట్లో సన్యాసి మంత్రాలు చదివాడు, బంధువులు భోజనాలు చేసి చీకటి పడకముందే వెళ్ళిపోయారు. కినూయే కూడా అగరొత్తి వెలిగించి వచ్చి, సందె వేళ మురోలోకి దిగింది. మధ్యాహ్నం దాకా మంచు కురిసి ఆగింది. గాలి లేదు. లాంతరు దూలానికి తగిలించి, మేపుల్ మొదలుకు గడ్డి సరిచేస్తోంది. ఊకలో ఎక్కడో చప్పుడైంది. కొమ్మ ఒకటి టిక్కుమంది.

అన్నీ ఆగిపోయాయి.

తలుపు తట్టారు. రెండుసార్లు. కాస్త ఆగి, ఇంకోసారి.

ఎవరూ అని అడగబోయి కినూయే ఆగిపోయింది. ఆ తలుపును అలా తట్టేవాడు లోకంలో ఒక్కడే, అతని కర్మభోజనం తను ఆ మధ్యాహ్నమే తిని వచ్చింది. మళ్ళీ తట్టారు. రెండు, ఆగి, ఒకటి. పీపా బిగిసిందో లేదో చూస్తున్నట్టు నింపాదిగా.

ఆమె ఏం చేసిందో తర్వాత తలుచుకుంటే ఆమెకే ఆశ్చర్యం. మేపుల్ కుండీని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. మురోలో పేరెత్తకూడదన్న నియమం మరిచిపోయింది.

"యసుజీ గారూ, మంచు ఇంకా పోలేదు. మీరే వచ్చి అడిగినా ఇవ్వను. ఒకసారి తప్పాను, ఇంక తప్పను. వెళ్ళండి."

కప్పు మీద గడ్డి మెల్లగా కిర్రుమంది, బరువు ఏదో దిగినట్టు. ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకు తెలియదు. కాళ్ళు మొద్దుబారాక లేచి, తలుపు లోపలి నుంచి రెండుసార్లు తట్టి, తీసింది. వాకిట్లో కొత్త మంచు తెల్లగా పరుచుకుని ఉంది. దాని మీద తను వచ్చిన అడుగులు తప్ప మరో గుర్తు లేదు.

లాంతరు తీసుకుపోదామని వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ కుండీలో వేలు నొక్కింది. వేలు దిగలేదు. మన్ను పెంకు కట్టి రాయిలా ఉంది, అన్ని కుండీల్లాగే. చెట్టు నిద్రపోయింది. కినూయే ఆ ఊకలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మంచు కరిగి నేల కనబడ్డాక, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ కుండీలు తీసుకెళ్ళారు. అన్నిటికంటే ఆఖరున ఫుసానో వచ్చింది, చేతికర్ర మీద ఆనుకుని. మేపుల్ మీద రెండు కొమ్మలు ఎండిపోయాయి. మిగిలిన వాటి మీద, అన్ని చెట్లూ ఆకులు విప్పాక ఇప్పుడిప్పుడే, ఎర్రటి మొగ్గలు చీమ తలకాయంత కనబడుతున్నాయి.

ఫుసానో వంగి వాటిని చూసింది. చాలాసేపు చూసి అడిగింది.

"ఆ నలభై తొమ్మిదో రోజు అందరూ వెళ్ళాక, అర ముందు కూర్చుని ఆయనతో చెప్పాను. పోతూ పోతూ ఒకసారి చెట్టును చూసి పోండి, ఆవిడ ఇస్తే ఇంటికి తెచ్చి నా దగ్గర పెట్టి పోండి అన్నాను. వచ్చాడా?"

కినూయే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "వచ్చారక్కా" అంది.

"ఇచ్చావా?"

"ఇవ్వలేదు."

ఫుసానో నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "పెళ్ళయిన నాటినుంచి ఆయన్ని ఒక్కసారి కూడా కాదనలేకపోయాను నేను. పోనీలే, నువ్వయినా అన్నావు. చెట్టు దక్కింది."

"ఇప్పుడు తీసుకెళ్ళక్కా. నేల కనబడుతోంది కదా."

ఫుసానో కుండీని అందుకుంది. ఆ చేతులు చిక్కి సగమయ్యాయని కినూయే అప్పుడే చూసింది. నాలుగడుగులు వేసి, గుమ్మంలో సరిగ్గా యసుజీ నిలబడ్డ చోటే ఆగి వెనక్కి తిరిగింది ముసలామె.

"వచ్చే చలికాలం మంచు పడకముందే తెచ్చి నీకు అప్పగిస్తాను. ఈసారి మంచు పూర్తిగా పోయేదాకా ఎవరికీ ఇవ్వకు కినూయే," అంది. "నేనే వచ్చి అడిగినా ఇవ్వకు."

చీపురు తిరగేస్తాననలేదు కినూయే. సరేనని తల ఊపింది.